నలభై ఒకటో ఫోటో

వర్తూరు, 9-8-1996

లిడియక్కకు,
నేను క్షేమం. నీ కొడుకు బాప్తిస్మం ఫోటోల క్షేమమే దేవుడికి తెలియాలి. అదే ఫిల్ము రోలు పూర్తి చేద్దామని నిన్న చెరువుగట్టున కొంగ కోసం మూడు గంటలు కూర్చున్నాను. వలలు ఆరబెట్టే ఆవులప్ప, "కొంగకే నీ మీద జాలి పుట్టి వచ్చుండాది, తియ్యప్పా!" అన్నాడు. తీశాను. అది నలభై ఒకటో ఫోటో. రోలులో ఉండేవి ముప్పై ఆరే!

ఫిల్ము మధ్యలో తెగి ఉంటే మన అదృష్టం, బాబు ఫోటోలు దక్కుతాయి. మొదటి నుంచీ తిరగనే లేదా, అన్నీ ఖాళీ. స్టూడియోలో వచ్చే శుక్రవారం కెమెరా తెరుస్తారు. నాకు అన్నం దిగడం లేదు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఈ కార్డు బావే ముందు చదివితే ఆయనకు వందనాలు, ఆయన కెమెరా భద్రం. ప్రార్థనలో రోలును తలచుకోండి. బాబు తెల్లగౌను ఎవరికీ ఇవ్వకు. ఫోటోలు రాకపోతే అదే తొడిగి మళ్ళీ తీస్తాను. అందాకా వాణ్ణి లావెక్కనివ్వకు.

నీ తమ్ముడు,
జోనా