హోజాకి చెప్పని సంగతి

మే 10, శనివారం

గ్వెల్ఫ్‌లో 3–0తో ఓడిపోయాం. మూడింటికీ తిట్లు నాకే. మూడు బంతులూ గోల్‌లో కుడివైపు పైమూలకే వెళ్ళాయి. నేను డిఫెండర్‌ని, గోల్‌కీపర్‌ని కాను. అసలు అక్కడ షాట్ కొట్టనివ్వడమే నా తప్పని హోజా వాదన. హోజా అంటే మా మేనేజర్ ఇల్యాస్. టర్కీ మనిషి, అక్కడ కోచ్‌ని అలా పిలుస్తారట, మాకూ అదే అలవాటైంది. మా ఊరు విండ్సర్ వచ్చేదాకా బస్సులో నా వెనక సీట్లో కూర్చుని నా పొజిషనింగ్ గురించే చెప్పారు.

గోల్‌కీపర్ ఆనందబాబు గారు ముందు సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోలేదని నాకు తెలుసు.

మే 14

ఆనందబాబు గారి కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఈ సంగతి ఆయన భార్య స్వర్ణకుమారి అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉంటాను కాబట్టి నాకు తెలిసింది. మార్చిలో డ్రైవ్‌వేలో మంచు తీస్తూ జారి భుజం మీద పడ్డారు. పట్టుకుని లేపింది నేనే. అప్పటినుంచి ఇల్లంతా అమృతాంజనం వాసన. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆడొద్దంటారని వెళ్ళరు. ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఇదే ఆఖరి సీజన్, ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు.

ఎలా కాదంటాను? నేను ఈ దేశంలో దిగినరోజు టొరంటో ఎయిర్‌పోర్ట్ దాకా నాలుగు గంటలు డ్రైవ్ చేసుకొచ్చిన మనిషి. కాకినాడలో మా నాన్న పోయారని ఫోన్ వచ్చిన రోజు, పనికి సెలవుపెట్టి నా పక్కనే కూర్చున్న మనిషి. ఆయన ముందు నేను కాలు మీద కాలు కూడా వేసుకోను.

మే 17

బెంచ్. నా ప్లేస్‌లో తనీష్ ఆడాడు.

మే 24

మళ్ళీ ఓటమి. ఈసారి తిట్లు తనీష్‌కి. పాపం పిల్లాడు, కాలేజీ ఫస్టియర్, ఏం చేశాడో వాడికే అర్థం కాలేదు. ఇల్లు కారుతుంటే కింద గిన్నెలు మార్చినట్టు, హోజా డిఫెండర్లని మారుస్తూనే ఉన్నారు. జూన్ 7న సార్నియా టీమ్ మీద గెలవకపోతే ఆయన్నే తీసేస్తామని క్లబ్ బోర్డు చెప్పేసిందట.

నాకు ఒళ్ళు మండిపోతోంది. హోజా మీదా, ఆనందబాబు గారి మీదా, నా మీదా.

జూన్ 5, సాయంత్రం ఏడు

నా కారు రిపేర్‌లో ఉంది. ప్రాక్టీస్ అయ్యాక హోజా దింపుతానన్నారు. దారిలో ఎందుకో తన కథ మొదలుపెట్టారు.

పన్నెండేళ్ళు డిఫెండర్‌గా ఆడారట. పెద్ద డివిజన్‌లో ఒకే ఒక్క సీజన్, అప్పటికి ఇరవై రెండేళ్ళు. కెప్టెన్‌ని ‘అబి’ అనేవారట, అంటే అన్న. ఆ కెప్టెన్ చెడిపోయిన మోకాలితో, ఇంజెక్షన్లు పొడిపించుకుని ఆడేవాడు. రూమ్‌మేట్ కాబట్టి ఈయన ఒక్కరికే తెలుసు. చెప్పొద్దన్నాడు, ఈయన చెప్పలేదు. ఆఖరి మ్యాచ్‌లో ఆ మోకాలు పూర్తిగా పోయింది. టీమ్ కింది డివిజన్‌కి పడిపోయింది. అబి ఇప్పటికీ కుంటుతాడట. తర్వాత ఈయన మేనేజర్ అయ్యి టర్కీలోనే ఇజ్మిర్‌లో రెండు చిన్న క్లబ్బులు, ఇక్కడికొచ్చి ఒకటి చూశారు. అన్నిచోట్లా పంపించేశారని చెప్పి నవ్వారు. మళ్ళీ మోకాలి దగ్గరికే వచ్చారు.

“గౌరవమనుకున్నాను. కాదు. ఆయనకి కోపమొస్తుందని భయపడ్డాను, అంతే.”

నేను చెప్పేశాను. మంచు, భుజం, అమృతాంజనం, అన్నీ. హోజా కారు పక్కకి ఆపారు. నాకు సారీ చెప్పారు. ఆ సారీ ఏం చేసుకోను?

జూన్ 6

ఆనందబాబు గారిని టీమ్‌లోంచి తప్పించారు. సాయంత్రం మెట్లు దిగొచ్చి నా తలుపు దగ్గర నిలబడ్డారు.

“నిన్ను సొంత తమ్ముడనుకున్నాన్రా క్రిస్టో.”

ఆ ఒక్కమాట అని పైకెళ్ళిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది.

జూన్ 7

1–0. గెలిచింది సార్నియా వాళ్ళు. ఎనభై ఎనిమిదో నిమిషంలో బంతి మా రిజర్వ్ కీపర్ కాళ్ళ మధ్య నుంచి పోయింది. నేను మొత్తం మ్యాచ్ ఆడాను, బాగానే ఆడాను, ఎవరిక్కావాలి.

హోజాని తీసేశామని బోర్డువాళ్ళు పార్కింగ్ లాట్‌లోనే చెప్పేశారు. భుజం సంగతి ఆయన బోర్డుకి చెప్పనేలేదు. చెప్పుంటే ఇంకో రెండు మ్యాచ్‌లైనా ఇచ్చేవాళ్ళు కదా అని గట్టిగానే అడిగాను. ఆనందబాబు ఒంటి సంగతి ఆనందబాబుదట, తన ఉద్యోగం కాపాడుకోవడానికి వాడుకోకూడదట. బ్యాగులు డిక్కీలో పెట్టుకుని, చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే.

జూన్ 13

పనిలో పెట్టె ఎత్తబోయి ఆనందబాబు గారు కూలబడ్డారు. ఎమర్జెన్సీలో స్కాన్ చేశారు. భుజంలో కండరం ఓ దారప్పోగంత మిగిలిందట. ఇంకొక్క డైవ్ చేసుంటే అదీ తెగేదని డాక్టర్ అన్నాడట. సర్జరీకి మూడు నెలల వెయిటింగ్, అప్పటిదాకా చెయ్యి స్లింగ్‌లోనే. ఇదంతా అక్క చెప్పింది. ఆయన నాతో మాట్లాడడం లేదు.

నేను చేసింది రైటేనని తేలింది. ఏం లాభం? అన్నం సహించడం లేదు.

జూన్ 22, ఆదివారం, ఉదయం ఎనిమిదిన్నర

అక్క డ్యూటీకి వెళ్ళింది. చర్చికి టైమవుతోంది. పదహారు రోజుల తర్వాత ఆనందబాబు గారు మెట్లు దిగొచ్చారు. తెల్లచొక్కా, ఒక్క బొత్తామూ పెట్టుకోలేదు. నేను కింది నుంచి ఒక్కొక్కటీ పెడుతూ వచ్చాను. పై బొత్తాం దగ్గర గడ్డం ఎత్తి నిలబడ్డారు.