బారు మీద సర్కారు పూచీ

ఫిబ్రవరి 3
నార్బర్ట్ బారు అమ్మేస్తాడట. డెబ్బై తొమ్మిదేళ్లు, మోకాళ్లు పోయాయి. పెట్రోల్ బంకు వాళ్లు అడుగుతున్నారట. వాళ్లు కొంటే కూలగొట్టేస్తారు. నువ్వే కొనుక్కోరాదుటే డార్లీన్, అన్నాడు గ్లాసు తుడుస్తూ. ఇరవై రెండేళ్లుగా ఆయన దగ్గర బీరు పోస్తున్నదాన్ని. పకపకా నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 11
బారు కొనడానికి అప్పడిగితే ఊళ్లో బ్యాంకు పొమ్మంది. బార్లు మునిగిపోతాయట. అన్నయ్య జీన్‌ను పూచీ ఉండమన్నాను. బారు మొహం చూసి సంతకం పెట్టే వెర్రివాడెవడే, అన్నాడు.

ఫిబ్రవరి 20
పక్క టౌన్ బ్యాంకులో హౌగెన్ అనే ఆవిడ. నాకంటే చిన్నది. అప్పులో పెద్ద భాగానికి సర్కారు పూచీ ఉంటుందండీ, మీరు మునిగితే మాకు వాళ్లు కడతారు, అలాగని మిమ్మల్ని వదిలేస్తారనుకోకండి, అంది. బారుకా? అన్నాను. బారుకేనండీ, అంది.
కారెక్కి స్టార్ట్ చెయ్యడం మర్చిపోయాను. తోడబుట్టినవాడు కాదన్నాడు. నా మొహం ఎన్నడూ చూడని దేశం నా వెనక నిలబడుతుందట! ఎంత పెద్ద దేశం! నేనెంత!

మార్చి 18
హౌగెన్ ఇంకో షరతు చెప్పింది. అప్పు తీరేదాకా నా పేర జీవిత బీమా ఉండాలి. నాకేం రోగం, బీరు పీపాలు ఒక్కదాన్నే ఎత్తుతాను. విసుక్కున్నాను.

మార్చి 26
బీమా వాళ్ల నర్సు వచ్చింది. కుడిచేతికి ఒక బీపీ, ఎడమచేతికి ఇంకొకటి. మళ్లీ చూసింది. మళ్లీ చూసింది. డాక్టరు దగ్గరికి ఈరోజే వెళ్లండి, రేపనకండి, అంది.

మార్చి 27
గుండెలోంచి వచ్చే పెద్ద రక్తనాళం బెలూన్‌లా ఉబ్బిందట. డాక్టరు స్కాన్ చూపించాడు. ఇన్నాళ్లూ ఎలా ఆగిందో నాకే అర్థం కావట్లేదమ్మా, అన్నాడు. ఇంకో పీపా ఎత్తి ఉంటే?
బారు కోసం అప్పు. అప్పు కోసం బీమా. బీమా కోసం నర్సు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 1, ఉదయం ఆరు
మాడిసన్ నగరంలో పెద్దాసుపత్రి. కాసేపట్లో ఛాతీ తెరుస్తారు. కిటికీలో సరస్సు, మంచు పగిలి నీలంగా కదులుతోంది. ఎప్పుడూ ఇంత అందంగా ఉంటుందా?

ఏప్రిల్ 9
బతికాను.

ఏప్రిల్ 20
బీమా కంపెనీ ఆరు నెలలు ఆగమంది. అంతా పోయిందనుకున్నాను. నార్బర్ట్ వచ్చాడు. ఎవరికైనా అమ్మేసుకో, ఏమీ అనుకోను, అన్నాను. నోర్మూసుకుని పడుకో, అన్నాడు. బంకు వాళ్లను పొమ్మన్నాడట. ఆ మోకాళ్లతోనే కౌంటరు వెనక నిలబడుతున్నాడట. ప్రతి శుక్రవారం బారులో వడ్డించే చేపలు ఇప్పుడు జీన్ వేయిస్తున్నాడట. మాడుస్తున్నాడట. జనం అవే తింటున్నారట.
ఏడిస్తే కుట్లు లాగుతాయి. అయినా ఏడ్చాను.

అక్టోబరు 29
బీమా వచ్చింది. ప్రీమియం బాదేశారు. హౌగెన్ ఫోన్లో అరిచింది, చిన్నపిల్లలా.

నవంబరు 14
సంతకాలయ్యాయి. తలుపు తీశాను. మొదటి గిరాకీ నార్బర్ట్. కౌంటరుకు అటువైపు స్టూలెక్కి కూర్చుని, ఏదీ, నాకోటి పొయ్యి, అన్నాడు.
ఇరవై రెండేళ్లు ఆయన పక్కనే నిలబడి అందరికీ పోశాను. ఆయన ఏం తాగుతాడో నాకు తెలియదు.