జకరయ్య తల్లి అడిగిన మాట

మెదక్, 11-3-1967

నాయనకు మీ ఇమ్మానుయేలు వందనాలు. హైదరాబాదులో మా కార్ఖానాలో సానచక్రం పగిలిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. నేను క్షేమం. నా పక్కన పనిచేసే జకరయ్య దక్కలేదు. చక్రం ముక్క ఎగిరి వచ్చి ఛాతీకి తగిలింది.

అతని సొంత పనిముట్టు తల్లి రూతమ్మకు ఇద్దామని ఇక్కడికి వచ్చాను. అది కొనకు వజ్రం పొదిగిన ఉక్కు కడ్డీ. దానితోనే చక్రాన్ని సాపు చేస్తాం. "గీ రాయి ఊడదా బిడ్డా?" అని అడిగింది. కొన్నింటికి వజ్రపు పొడిని లోహపు పొడితో కలిపి కాలుస్తారనీ, కొన్నింటికి బంకతో పట్టిస్తారనీ, దీనికి మాత్రం రాయి చుట్టూ ఇత్తడి కరిగించి పోస్తారనీ చెప్పాను.

"గింత రాయిని గంత గట్టిగ పట్టిచ్చిండ్రు. నా కొడుక్కు అడ్డం ఒక రేకన్న పెట్టకపోతిరి" అని ఏడ్చింది.

చక్రానికి అడ్డంగా రేకు ఉండేది నాయనా. పనికి అడ్డమని ముందురోజు విప్పింది నేనే.

అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? మందునూనె అయిపోతే తెప్పించండి. నా కోసం ఎదురుచూడవద్దు. రేపు ఆదివారం ప్రార్థన అయ్యాక రూతమ్మకు ఉన్నమాట చెప్తాను. చెప్పేదాకా మెదక్ విడిచి రాను.

చెల్లికి దీవెనలు. మీరు నా కోసం కాదు, రూతమ్మ కోసం ప్రార్థించండి.