మెర్కాడో వస్తున్నాడు, మరి మీరు?

పిట్స్‌బర్గ్, డిసెంబరు 3

ఎమిల్ మామయ్యకు,

మీరు ఫోను ఎత్తడం లేదు, పదిహేనో తేదీ దాటితే వచ్చే ఏడాదికి నా పక్కనున్న మీ సీటు ఇంకెవరికో ఇచ్చేస్తామని స్టేడియం వాళ్ళు అంటున్నారు. అందుకే ఈ ఉత్తరం. మన బేస్‌బాల్ జట్టు మెర్కాడోను మళ్ళీ తీసుకుంది. ఆ వార్త వినగానే బస్సులోనే లేచి నిలబడ్డాను.

పోయిన చలికాలం బంతులు పట్టే ఆ ముసలి క్యాచర్ మెర్కాడోను వదులుకుని, బంతులు వేసే ఇద్దరు కుర్ర పిచ్చర్లను తెచ్చుకున్నప్పుడు, వాళ్ళ ఆట అంకెలు చూపించి మంచి బేరమేనన్నాను. "మన ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదానివి, ఆట చూడ్డం మర్చిపోయిన మొదటిదానివీ నువ్వేనే. వాడొచ్చేదాకా నేనూ రాను" అన్నారు మీరు. అన్నట్టే రాలేదు.

ఆ కుర్రాళ్ళు బంతులు వేగంగానే వేశారు. తడబడినప్పుడు దగ్గరికెళ్ళి ధైర్యం చెప్పేవాడే లేడు. అది నా అంకెల్లో లేదు. మీరు చెప్పిందే నిజం.

ఇక వాళ్ళ బంతులు మెర్కాడో పట్టుకుంటాడు. ఈసారి మనం గెలుస్తాం మామయ్యా. ఆట చూస్తూ మనిద్దరం రాసుకునే స్కోరు పుస్తకంలో ఈ ఏడాదీ ఎప్పటిలాగే ఎదుటి జట్టు పేజీలే నింపాను. మన జట్టువి మీ కోసం ఖాళీగా ఉంచాను. తిట్టాలనుంటే మొదటి ఆటకొచ్చి పక్కన కూర్చుని తిట్టండి. వస్తారో లేదో పన్నెండో తేదీలోగా రాయండి.

మీ మేనకోడలు