చేపల ఏప్రాన్

కార్మక్,

ఆదివారం కాబోయే అత్తమామలకి మన కిన్సేల్ చూపిస్తానని రాశావు. ముందు కోట, తర్వాత రంగుల వీధులు, చివర్లో రేవు. బాగానే ఉంది. ఆ పూట మాత్రం నాన్నని ఏప్రాన్ కట్టుకుని చేపలు కోస్తూ రేవులో కూర్చోనివ్వొద్దన్నావే, అక్కడే నాకు కంపరమెత్తింది. ఆ చేపల కంపే కదరా నిన్ను లాయర్‌ని చేసింది!

నువ్వు వాళ్ళని తీసుకొస్తున్నావని చెబితే నాన్న, "డబ్లిన్‌లో తాజా మాకెరల్ చేప ఎక్కడ దొరుకుతుందే వాళ్ళకి, పాపం! మంచివి నాలుగు కోసిపెడతా" అన్నాడు. నీ మాట ఆయనకి నేను చెప్పను.

ఒకటి మరిచిపోయావు. రేవు చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ ఆయన పక్కన నిలబడి ఫోటో దిగుతారు. మీ అత్తగారూ ఊరుకోదు. "ఈ పెద్దాయనతో నాకో ఫోటో తియ్యి బాబూ" అంటూ ఫోన్ నీ చేతికే ఇస్తుంది.

చెయ్యి వణక్కుండా తియ్యి.

అక్క