సెరాఫీనా పేరున ఎక్కిన కొండ

పలెర్మో, బల్లరో సంత
1998 ఆగస్టు 9

ప్రియమైన సెరాఫీనా అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఫోను చేద్దామంటే నీకు సగం వినపడదు, వినపడిన సగం నచ్చదు. అందుకే నేనూ రాస్తున్నాను.

సెప్టెంబరు పదిహేనున గుండె ఆపరేషన్ అని చదివాను. వెంటనే మన ఊరిని కాచే రొసాలియా తల్లికి మొక్కుకున్నాను. నాలుగో తేదీన ఆవిడ పండుగకు, నీ పేరున, చెప్పుల్లేకుండా, ఆవిడ గుడి ఉన్న పెల్లెగ్రీనో కొండ ఎక్కుతాను.

మన వీధిలో ఇప్పుడెవరున్నారని అడిగావు. గుర్రబ్బండి తానీనో కొట్టంలో ఘనా దర్జీ క్వాబెనా ఉన్నాడు. మిషను తొక్కుతూ పాడతాడు. పాట బాగా కుదిరినరోజు నడుము కొలత తప్పుతుంది. మా మేడమీద తవమలర్ అని జాఫ్నా పిల్ల. మొగుడు హోటల్లో గిన్నెలు కడుగుతాడు. నేను సంతలో వేయించి అమ్మే శనగపిండి పలకలు తిని, "అమ్మా, ఇందులో పచ్చిమిర్చి వేస్తే పాపమా?" అంది. వేశాను. చేపల పెప్పే చూసి, "ఏమే నిన్ఫా, నీ మూకుడు సిలోను వెళ్లిపోయిందా?" అని వెక్కిరించి, మూడు పొట్లాలు కట్టించుకున్నాడు.

మీ మరిది పోయినప్పుడు ఇక ఈ ఇంట్లో గోడలే నాకు తోడనుకున్నాను. ఈ వీధి నన్ను అలా కూర్చోనివ్వలేదక్కా. దానికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

నీ బాగే కోరుకునే,
నిన్ఫా

టురిన్
ఆగస్టు 20

చెల్లీ నిన్ఫాకు,

మేడమెట్లే ఆయాసపడుతూ ఎక్కుతావు, కొండ ఎక్కుతావా? ఆ మొక్కు తల్లికే తిరిగి చెప్పేసుకో.

మన వీధి గురించి నువ్వంత మురిసిపోతూ రాశావు కానీ, కిందటిసారి వచ్చినప్పుడు ఆ సంతలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అమ్మ మనల్ని పెంచిన వీధి కాదది. పరాయివాళ్లు అమ్మా అనగానే కరిగిపోకు. గడియ వేసుకు పడుకో. అసలు నా దగ్గరికి వచ్చేయమని ఎన్నేళ్లుగా చెబుతున్నాను?

ఆపరేషన్ గురించి బెంగ వద్దు. జరిగేది జరుగుతుంది. అమ్మ చెవిపోగులు విడిగా పంపాను. నేనింకెక్కడ పెట్టుకుంటాను, నువ్వు పెట్టుకో.

నీ అక్క,
సెరాఫీనా

పలెర్మో
సెప్టెంబరు 5

నా బంగారు అక్కకు,

చెవిపోగులు అందాయి. వాటిని చేతిలోకి తీసుకోగానే భయం వేసింది. బతకాలనుకునే మనిషి సొమ్ములు ఇలా పంచిపెట్టదు. నేను పెట్టుకోలేదు. దాచాను.

నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు. నేను కొండ ఎక్కలేదు. పోయిన శనివారం పెప్పే అంగడి ముందు, చేపల మంచు కరిగి పారిన నీళ్లమీద కాలు జారింది. చీలమండ విరిగింది. క్వాబెనా సూదీ దారం పక్కన పడేసి, నన్ను వీపుమీద వేసుకుని ఆసుపత్రికి నడిచాడు. "అమ్మా, నాకు కొలత తెలియకపోయినా బరువు తెలుస్తోంది" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను.

కట్టుతో ఇంటికొచ్చాక ఒకటే దిగులు. ఫాదరుగారు, మొక్కు వచ్చే ఏడు తీర్చుకోవచ్చన్నారు. వచ్చే ఏటికి నువ్వుండాలి కదా అని నా ఏడుపు. తవమలర్ గంజి తెచ్చి, పక్కన కూర్చుంది.

"నేను ఎక్కుతానమ్మా. ఆదివారాలు ఎలాగూ ఎక్కేదాన్నేగా."

"నువ్వు మీ దేవుళ్లకు మొక్కేదానివి కదే."

"ఆ కొండమీది తల్లి నా భాష రాదని ఏరోజూ నన్ను వెనక్కి పంపలేదు. మీ అక్క పేరేమిటి?"

"పేరెందుకు?"

"పేరు చెప్పకుండా మొక్కితే ఎవరికి చేరుతుంది? మీ అక్కంటే నాకు పెద్దమ్మే."

నువ్వు వాళ్లను ఏమన్నావో నాకు తెలుసు, ఆమెకు తెలియదు. సిగ్గుతో తలెత్తలేక నీ పేరు చెప్పాను. దారంతా మరిచిపోకుండా నాలుగుసార్లు పలికించుకుంది.

నిన్న తెల్లారుతుండగా బయల్దేరింది. ఎండెక్కాక తిరిగొచ్చింది. అరికాళ్లు చిట్లి రక్తం. పాత రాతిబాట కదా. నేను కట్టుకాలు చాపుకుని కూర్చుని, ఆ పాదాలు నా చేత్తో కడిగాను. వద్దు వద్దంటూనే కడిగించుకుంది. "ప్రతి మలుపులోనూ సెరాఫీనా పెద్దమ్మ అని చెప్పానమ్మా, తల్లికి విసుగు పుట్టుంటుంది" అంది.

కోపం వస్తే నామీద పడు. ఆమెమీద మాత్రం వద్దు.

నీకోసం కళ్లలో వత్తులు వేసుకున్న,
నిన్ఫా

టురిన్, ఆసుపత్రి
సెప్టెంబరు 27

నా చిట్టి నిన్ఫాకు,

బతికే ఉన్నాను. గుండె బాగానే కొట్టుకుంటోందని డాక్టరు అంటున్నాడు. పడుకునే రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

నీకు రాయని సంగతొకటి ఉంది. ఆపరేషన్ వద్దని ఆగస్టులోనే చెప్పేశాను. సంతకం పెట్టలేదు. ముప్పై ఏడేళ్లు ఈ ఊళ్లో ఉన్నా, మా మేడలో నా తలుపు తట్టేవాళ్లు లేరు. ఎవరికోసం ఛాతీ కోయించుకోవాలి అనుకున్నాను. నిన్ను నా దగ్గరికి రమ్మన్నది నీకు దిక్కులేదని కాదే, నాకు లేదని.

పదో తేదీన నీ ఉత్తరం వచ్చింది. వంటింట్లో నిలబడే చదివాను. ముఖం ఎరగని పిల్ల, నా పేరు చెప్పుకుంటూ కాళ్లు చిట్లేలా నడిచింది. నేనేమో హాయిగా కుర్చీలో కూర్చుని చావుకు దారి చూస్తున్నాను. ఆ నడకను మట్టిపాలు చేసే హక్కు నాకెక్కడిది? కోటు వేసుకుని ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు నన్ను చూసి, "ఏమ్మా, మనసు మారిందా?" అన్నాడు. "మనసు కాదు బాబూ, ఒక పిల్ల మొక్కు దక్కించాలి" అని సంతకం పెట్టాను.

నవంబరులో బండెక్కుతాను. నిన్ను తీసుకెళ్లడానికి కాదు. మీ దగ్గర ఉండిపోవడానికి. తవమలర్‌ను, క్వాబెనాను అడుగు, వీధిలో ఇంకో ముసలిదానికి చోటుందేమో.

పదిహేనో తేదీన నన్ను లోపలికి తీసుకెళ్తూ నర్సు అడిగింది, "మీకు అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని.

"ఉన్నారు. పలెర్మోలో చెల్లెలు, కూతురు" అన్నాను.

మిగిలిందంతా ఎదురుగా కూర్చుని చెబుతాను.

మీ ఇద్దరి,
సెరాఫీనా