ఎర్రమరక గిన్నె

హాగి ఊళ్ళో కాపురముంటున్న షిరాఇషి తొమియె అను నేను, కీర్తిశేషులు గోహెయ్ భార్యను, వయస్సు డెబ్బై ఆరు. నా మోకాళ్ళు చెడ్డాయి గాని బుద్ధి చెడలేదని డాక్టరు గారు కాగితం రాసిచ్చారు. ఎవరి బలవంతమూ లేకుండా, కోపంతో మాత్రం, ఈ వీలునామా రాయిస్తున్నాను. కోపం వచ్చిన మనిషికి మతి తప్పిందని ఎవరూ వాదించరాదు.

1. నా ఇల్లు, పెరడు, టీ గది సర్వహక్కులతో నా కోడలు సత్సుకికి చెందవలెను. సముద్రం వైపు నారింజ తోట నా ఒక్కగానొక్క కొడుకు కునిహికోకు చెందవలెను. అయితే నాలుగో షరతు తీరిన తర్వాతే.

2. ఇనుప కెటిల్ కూడా సత్సుకికే. లోపల తుప్పు కనిపిస్తే కంగారుపడి పీచుతో తోమకు అమ్మాయ్. నీళ్ళు తేటగా ఉన్నంతకాలం ఫరవాలేదు, కాస్త టీ ఆకు వేసి మరిగించు. వాడాక నీళ్ళు ఒంపేసి ఆ వేడి మీదే ఆరనివ్వు. మీ మామగారు మరోసారి నా జుట్టు పట్టుకున్న రోజున దాన్ని పొయ్యి మీంచి తీసి ఆయన మోచేతి మీద బలంకొద్దీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. "మెట్ల మీద జారానండీ" అని ఊరంతా ఆయనే చెప్పుకున్నాడు. ఆ చెయ్యి చచ్చేదాకా తిన్నగా రాలేదు, నా మీదికీ రాలేదు. నాకు విచారం లేదు.

3. టీ గిన్నె. మన హాగి మట్టి ఏది పోస్తే అది తాగేస్తుంది. అందుకే వాడేముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి, సబ్బు తగలనివ్వకూడదు, బాగా ఆరాకే పెట్టెలో పెట్టాలి. అది నా నెత్తురు కూడా తాగింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి నేను చిలికిన టీలో ఆకుపొడి ఉండలు కట్టిందని, అతిథులు అటు వెళ్ళగానే గోహెయ్ దాన్ని నా నుదుటి మీద బద్దలుకొట్టాడు. పెంకులు నా రక్తంలోనే పడి ఉన్నాయి. లక్క పనిచేసే ఓగుచి యసాకు గారు వాటిని లక్కతో అతికి బంగారు పొడి అద్దారు. మరక మాత్రం పోలేదు.

టీ తాగిన అతిథి గిన్నె కథ అడగడం మర్యాద కదా. "ఈ ఎరుపు ఎంత బాగుందండీ!" అనేవాళ్ళు. "ఎరుపు బట్టీ ఇచ్చిన వరం, అతుకు పిల్లి చేసిన పని" అని గోహెయ్ నవ్వేవాడు. పెట్టె మూత మీద 'సంజె మబ్బు' అని పేరు కూడా రాశాడు. నేను నుదుటి మీదికి జుట్టు దువ్వుకుని, పక్కనే కూర్చుని, వెదురు కవ్వంతో టీ చిలికేదాన్ని.

4. పోయిన నెల సత్సుకి ఆ గిన్నెను తడి ఆరకుండానే పెట్టెలో పెట్టింది. బూజు పట్టింది. "నాన్న ప్రాణంగా చూసుకున్న గిన్నెటే ఇది, దద్దమ్మా!" అంటూ కునిహికో దాని మొహాన గుద్దాడు. పన్ను ఊడింది. నోరు కడుక్కుంటూ, "తప్పు నాదే అత్తయ్యా" అంది పిచ్చిపిల్ల.

కాబట్టి నేను పోయిన నలభై తొమ్మిదో నాటి కర్మ రోజున, బంధువులంతా కూర్చోగా, సత్సుకి ఆ గిన్నెలో టీ చిలికి, అతుకు వాడి వైపు ఉండేలా కునిహికో ముందు పెట్టవలెను. వాడు మర్యాద ప్రకారం గిన్నె తిప్పుకుని తాగి, దాని కథ అడగవలెను. సత్సుకి పిల్లి పేరు ఎత్తకుండా, జరిగింది జరిగినట్టు చెప్పవలెను. వాడు అడగకపోతే తోట కూడా సత్సుకిదే.

5. పెట్టె మూత మీది పాత పేరు గీకి తీసేసి, 'తొమియె నుదురు' అని రాయించవలెను. గిన్నె సత్సుకి దగ్గరే ఉండవలెను.

అమ్మాయ్, ఇల్లు ఇక నీది. చెయ్యి లేస్తే గడప దాటాల్సింది వాడు. నువ్వు కెటిల్ ఎత్తే అవసరం రాకూడదనే ఇదంతా రాయించాను.

షోవా 58 (1983), నవంబరు 9
(సంతకం, ముద్ర) షిరాఇషి తొమియె

సాక్షులు:
మురనాగ తెత్సుజి, పొరుగింటి వారు.
ఓగుచి యసాకు, లక్క పనివాడు, ఈ వీలునామా అమలుకు బాధ్యుడు. ఆ పెంకుల నుంచి ఆమె వెంట్రుకలు ఏరి తీసింది నేనే.